మా ఏటి మీద మేం టూరిస్టులం

పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి. రాద్దామా వద్దా అని చాలా రోజులు ఆగాం. ఇందులో మేం గొప్పగా చేసిందేమీ లేదు. చేయకూడనిది ఒకటి చేశాం. అది ముందు మనవాళ్ళ మధ్యే చెప్పాలనిపించింది.

మేం అంటే ముగ్గురం. బందరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఒకే హాస్టలు, ఒకే గది. ముగ్గురం యానాదులమే. ఒకడిది దివిసీమలో నాగాయలంక వైపు, వాణ్ని దివి అని పిలుస్తాం. ఒకడిది గుడివాడ పక్కన డ్రైను కట్ట మీది గుడిసెలు, వాడు గుడివాడ. మూడోవాడిది పెడన అవతల, వాడు పెడన. మా మూడు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టు ఎవడు టైపు చేస్తున్నాడో చెప్పం. ముగ్గురం కూర్చుని, ఒక్కో మాటకీ కొట్లాడుకుని రాసింది ఇది. తప్పు కూడా ముగ్గురిదీ.

మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ అక్క జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. ఆవిడ రైన్ నది మీద ఓడ ప్రయాణానికి వెళ్ళి, మొదటి రోజు వీడియో తీసి పంపింది. క్లాసంతా ఫోను చుట్టూ మూగి చూశాం. తెల్లటి ఓడ, పైన కుర్చీలు, రెండు పక్కలా కొండలు, కొండల మీద పాత కోటలు, ద్రాక్ష తోటలు. ఒడ్డున కిలోమీటరు నంబర్ల బోర్డులు. లోరెలై అని ఒక పెద్ద కొండరాయి దగ్గరికి రాగానే ఓడలో మైకు మోగింది. ఆ రాతి మీద ఒక అమ్మాయి కూర్చుని పాడేదట, ఆ పాటకి మైమరచి పడవ వాళ్ళు రాళ్ళకి గుద్దుకుని చచ్చిపోయేవాళ్ళట. అక్కడ నది ఇరుకు, మలుపు, రాళ్ళు. అందుకే ఆ కథ పుట్టింది. ఆ లోయని 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక రాయికి పేరు, ఆ పేరుకి కథ, ఆ కథ చెప్పడానికి మైకు.

"మనకి మాత్రం నది లేదా? కృష్ణ మన పక్కనే సముద్రంలో కలుస్తోంది కదరా" అన్నాడు ఒకడు. అలా మొదలైంది టూరు. రెండు రోజులు. మొదటి రోజు దివిసీమలో పడవ, రాత్రి అవనిగడ్డలో బస. రెండో రోజు విజయవాడ, భవానీ ద్వీపం. తలకి ఎనిమిది వందలు. మా బోటనీ సారు తోడు వస్తానన్నారు. మేం ముగ్గురం ముందు రాం అన్నాం. తర్వాత స్కాలర్‌షిప్పు డబ్బుల్లోంచి కట్టేశాం. టూరు అన్న మాట మా ఇళ్ళల్లో ఎవరూ ఎప్పుడూ వాడలేదు. ఒక్కసారి మేం కూడా కిటికీ పక్కన కూర్చుని ఊరికే చూడాలనిపించింది.

డిసెంబరులో ఒక శనివారం. గుడివాడ వైపు పిల్లలు ముందురోజు రాత్రే రైల్లో వచ్చి మా హాస్టల్లో పడుకున్నారు. పొద్దున్న ఆరింటికి బస్సు కదిలింది. పొలాల్లో వరి కోతలు నడుస్తున్నాయి. కోసిన చోట మొదళ్ళ మధ్య మినుము మొలకలు అప్పుడే పచ్చగా కనపడుతున్నాయి. బందరు గురించి సారు మైకులో చెబుతున్నారు. డచ్చివాళ్ళు 1605లో వచ్చారని, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారని, 1864 నవంబరు 1న వచ్చిన తుపానుకి ముప్ఫై వేల మంది దాకా పోయారని. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్లో పడవ ప్రయాణాలు కూడా ఉండేవని చెప్పారు. మేం వింటున్నాం. నిజంగానే బాగుంది.

చల్లపల్లి ఇంకా రాలేదు. రోడ్డు పక్క పొలంలో ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ గట్టు మీద వంగి నడుస్తున్నారు. చేతుల్లో వెదురు, తాటాకుతో అల్లిన బుట్టలు. ఎలుకల బుట్టలు. రాత్రి పెడితే పొద్దున్నకి ఎలుక పడి ఉంటుంది, పడిన ఎలుకకి ఇంత అని రైతు ఇస్తాడు. బస్సులో వెనక సీటు నుంచి ఎవడో అరిచాడు, "అదుగో యానాదోళ్ళు, ఎలకలు పట్టుకుంటున్నారు, ఫోటో తీయండ్రా!" నలుగురైదుగురు నవ్వారు. గుడివాడ వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అది. ఎలుకలు ఎక్కువైతే ఎకరాకి ఎన్ని బస్తాలు పోతాయో రైతుకి తెలుసు, అందుకే కోతల ముందు మనిషిని పంపి మరీ పిలిపిస్తాడు. గుడివాడ కిటికీలోంచి తల తిప్పి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పాట ఆన్ చేయలేదు. మాకు తెలుసు. మేం కూడా ఏమీ అనలేదు.

క్లాసులో మేం ఎస్టీ అని అందరికీ తెలుసు. ఎస్టీల్లో ఏంటి అని అడిగితే "మాది వేరే" అని మాట తప్పించేవాళ్ళం. ఎందుకో ఈ గ్రూపులో వేరే చెప్పక్కర్లేదు. ఈ వైపు మాసిన బట్టలు వేసుకున్నవాణ్ని, తల దువ్వుకోనివాణ్ని తిట్టడానికి మన పేరే వాడతారు. 2011 లెక్కల్లో మనం ఐదు లక్షలకు పైగా ఉన్నాం, అయినా మన పేరు ఎక్కువగా వినపడేది తిట్టులోనే. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత కొన్నిచోట్ల మనవాళ్ళని కూడా ఆ జాబితాలో రాశారు. 1952లో చట్టం పోయింది. తిట్టు పోలేదు. టూరుకి వారం ముందు క్యాంటీన్లో ఒకడు ఇంకొకణ్ని అలాగే తిడితే, ఆ పక్కనే ఉన్న మేం ముగ్గురం కూడా నవ్వాం. ముందు అది ఒప్పుకోవాలి.

మోపిదేవిలో గుడికి వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, టిఫిన్లు అయ్యాయి. పులిగడ్డ దగ్గర సారు బస్సు ఆపించారు. మహాబలేశ్వరం దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చిన కృష్ణ ఇక్కడ రెండు పాయలు అవుతుంది, ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ అని చెప్పారు. కింద నీళ్ళు తక్కువగా ఉన్నాయి. పైన ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే ఏరు, లేకపోతే సముద్రం పోటే ఏరు. ఆ మాట సారు చెప్పలేదు, దివి మాకు మెల్లగా చెప్పాడు. వాళ్ళ అమ్మ ఎప్పుడూ అనే మాటట.

నాగాయలంక రేవుకి వెళ్ళేసరికి పది దాటింది. రెండు ఇంజిను పడవలు బాడుగకి మాట్లాడి ఉంచారు. మామూలు రోజుల్లో చేపలకి పోయే పడవలే. ఆ రోజు మాత్రం పైన రంగు గుడ్డ పందిరి కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ముందు బంతిపూల దండ వేశారు. సారు అందరికీ లైఫ్ జాకెట్లు ఇప్పించి, తాళ్ళు బిగించేదాకా పడవ కదలనివ్వలేదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదాలు మరిచిపోవద్దన్నారు. మేం జాకెట్లు వేసుకుంటూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళలోకి దిగడానికి మేం జాకెట్టు వేసుకోవడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది. సెల్ఫీ కూడా తీసుకున్నాం.

అప్పుడు వినపడింది.

"అల్లుడా! ఏరా అల్లుడా, నువ్వేంట్రా ఇక్కడ?"

పడవ ముందు భాగంలో గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి. లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, తలకి తువ్వాలు చుట్టి, నవ్వుతున్నాడు. దివికి స్వయానా మేనమామ. వాళ్ళ అమ్మకి అన్న. దివి ఇంటర్లో ఉన్నప్పుడు పుస్తకాలకి పీతలు అమ్మి డబ్బులు పంపినవాడు. హాస్టలుకి వచ్చినప్పుడు మా ముగ్గురికీ సమానంగా జంతికలు పంచి వెళ్ళినవాడు. మా ముగ్గురికీ మావయ్యే.

పడవలో ముప్ఫై మంది ఉన్నారు. అందరూ అటు చూశారు, తర్వాత ఆయన ఎవర్ని పిలిచాడా అని ఇటు చూశారు. పొద్దున్న బస్సులో అరిచినవాడు మా పక్క కుర్చీలోనే ఉన్నాడు. దివి మొహంలో రక్తం లేదు. వాడు చేతులు జోడించి, "నమస్తే అండి" అన్నాడు.

అంతే. నమస్తే అండి.

మావయ్య నవ్వు ఒక్క క్షణం అలాగే ఆగింది. తర్వాత గుడివాడ వైపు చూశాడు. గుడివాడ ఫోను చూసుకుంటున్నాడు. పెడన వైపు చూశాడు. పెడన జాకెట్టు తాడు ముడి వేస్తున్నాడు, అప్పటికే వేసి ఉన్న ముడి. ఆయనకి అర్థమైపోయింది. "ఎవరో మా పిల్లోడనుకున్నానండి" అని పక్కనున్నవాళ్ళకి చెప్పి గెడ నీళ్ళలో దించాడు. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చినప్పుడు ఏమన్నాడో తెలుసా? "బాబూ, కాళ్ళు లోపల పెట్టుకోండి, ఒరుసుకుంటది."

కాళ్ళు లోపల పెట్టుకోండి అన్నాడు. పెట్టుకోరా అనలేదు. చెంపదెబ్బ కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

పడవ కదిలింది. అందరూ పాటలు పెట్టారు, కేకలు, ఫోటోలు. ఒడ్డు దూరమయ్యాక రెండు పక్కలా మడ అడవి మొదలైంది. సారు ఉత్సాహంగా చెబుతున్నారు. ఈ మడ అడవిలో దాదాపు 195 చదరపు కిలోమీటర్లు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం, కృష్ణా నదికి రెండు వైపులా ఉంది, ఇక్కడ బావురు పిల్లి ఉంటుంది, అది నీళ్ళలో దిగి చేపలు పడుతుంది, దొరకడం అరుదు. బురద మీద వేళ్ళు పెన్సిళ్ళలాగా పైకి పొడుచుకుని ఉన్నాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్ళని పైకి పంపి ఊపిరి తీసుకుంటుందని సారు చెప్పారు. మేం చదివిందే, పరీక్షలో రాసిందే. కానీ ఆ వేళ్ళ మధ్య ఒట్టి కాళ్ళతో ఎలా నడవాలో, ఏ బొరియలో మండపీత ఉందో చూసి ఇనుప కొక్కెం ఎంత లోపలికి పెట్టాలో పుస్తకంలో లేదు. అది దివి పదేళ్ళప్పుడే నేర్చుకున్నాడు, ముందు నిలబడ్డ ఆ మనిషి దగ్గరే.

ఒకమ్మాయి కొమ్మ అందుకోబోయింది. మావయ్య గట్టిగా, "అమ్మాయిగోరూ, ముట్టుకోకండి, అది తిల్ల చెట్టు. పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అన్నాడు. సారు ఒక్కసారి లేచి నిలబడ్డారు. "కరెక్ట్! ఎక్స్‌కోకేరియా! నేను చెప్పబోతున్నా" అని, అక్కణ్ణుంచి ఆయన మైకు పక్కన పెట్టేసి మావయ్య పక్కకి వెళ్ళి నిలబడ్డారు. ఇదేంటి, అదేంటి అని అడుగుతూనే ఉన్నారు. మావయ్య చెబుతూనే ఉన్నాడు. ఇది తెల్లమడ, దీని ఆకు మేకలు తింటాయి. ఆ మలుపులో రొయ్య పిల్ల ఎక్కువ. ఈ దిబ్బ పోయిన ఏడు లేదు, వరదకి పడింది. ప్రతి మలుపుకీ ఒక పేరుంది. ఒకటి ఎవరో ముసలమ్మ పేరు, ఒకటి మునిగిపోయిన పడవ పేరు. రైన్ నది వీడియోలో మైకులో విన్నది ఇదే కదా అనిపించింది. ఇక్కడ మైకు లేదు, అంతే.

మేం ముగ్గురం వెనక కుర్చీల్లో కూర్చుని వింటున్నాం. అవన్నీ మాకు తెలిసి ఉండాల్సినవి.

తిరుగు దారిలో రెండున్నరకి పడవ ఆగిపోయింది. ఇంజిను దగ్గర కూర్చున్న ఓనరు కొడుకు తొందరపడి దగ్గర దారి అని ఒక పాయలోకి తిప్పాడు. మావయ్య వద్దని చెయ్యి ఊపాడు, అతను వినలేదు. అడుగు బురద మేటకి పట్టుకుంది. ఇంజిను ఎంత లాగినా నల్లటి నీళ్ళు తిరగడమే తప్ప కదలదు. పాటు మొదలైంది, అంటే నీళ్ళు సముద్రంలోకి లాక్కుపోతున్నాయి. ఒడ్డు మీద తడి గీత మేం చూస్తుండగానే కిందకి దిగుతోంది. ఇంకో అరగంట ఆలస్యమైతే మళ్ళీ పోటు వచ్చేదాకా, రాత్రి వరకూ అక్కడే. రెండో పడవ ముందుకెళ్ళిపోయింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. పాటలు ఆగిపోయాయి. ఒకమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది.

మావయ్య ఏమీ అనకుండా తువ్వాలు నడుముకి బిగించి నీళ్ళలోకి దిగాడు. నడుం లోతు. కాళ్ళతో తడుముకుంటూ పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. కొంచెం దూరం పోయి నీళ్ళకేసి చూశాడు. వెనక్కొచ్చి, "ఇటేపు గట్టి ఇసక, అటేపు లోతు. ముందున్నోళ్ళందరూ వెనక్కి రండి, ముక్కు లేస్తది. ఇంకో ఇద్దరు దిగి తోస్తే చాలు" అన్నాడు. ఇంకో ఇద్దరు అన్నాక పడవలోకి చూశాడు. అందర్నీ చూశాడు, మా ముగ్గుర్ని మాత్రం చూడలేదు. ఆయనకి తెలుసు, ఆ పడవలో ఆ పని వచ్చినవాళ్ళం మేమే అని. అయినా పిలవలేదు. మేం సిగ్గుపడకుండా కాపాడుతున్నాడు.

దివి బూట్లు విప్పి, జాకెట్టు తీసేసి దూకాడు. సారు "ఏయ్ ఆగు" అంటున్నా ఆగలేదు. ఓనరు కొడుకు కూడా దిగాడు. మిగిలిన మేమిద్దరం అప్పటికీ లేవలేదు. రాయడానికి కష్టంగా ఉంది, కానీ లేవలేదు.

దివి వెళ్ళి మావయ్య పక్కన భుజం ఆనించాడు. మావయ్య తల తిప్పకుండా మెల్లగా, "ఎందుకురా, కొత్త ప్యాంటు పాడైపోద్ది" అన్నాడట. ఈ మాట వాడు రాత్రి చెప్పాడు. మూడోసారి తోసినప్పుడు పడవ జారి లోతులో పడింది. అందరూ చప్పట్లు, ఈలలు. దివి పైకెక్కగానే "హీరోవిరా" అని వీపు మీద తట్టారు. "నీకెలా తెలుసురా ఇదంతా?" అని ఎవరో అడిగారు. "మా ఊరు ఈ పక్కేలే" అన్నాడు. ఊరు చెప్పాడు. మావయ్యని చెప్పలేదు.

సారు మావయ్యకి తన నీళ్ళ బాటిల్ ఇచ్చి అడిగారు, "లోతు ఎక్కడుందో ఎలా కనిపెట్టావు పెద్దాయనా?" మావయ్య చెప్పాడు. పారే నీరు నున్నగా ఉంటే కింద లోతు, గరుగ్గా గిలగిల్లాడుతుంటే కింద మేట. అమాస, పున్నాలకి పోటు బాగా పొడుస్తది, అష్టమి నవమికి సత్తువ తక్కువ. పోటు నిన్న ఎప్పుడొచ్చిందో దానికి రెండు గడియలు కలుపుకుంటే ఇయ్యాల వచ్చే టయిము. సారు లెక్క వేశారు. గడియ అంటే 24 నిమిషాలు, రెండు గడియలు 48. చంద్రుడి వల్ల పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుందని సైన్సు చెప్పేది కూడా అదే. ఆయన నోటుబుక్కు తీసి రాసుకున్నారు. రాసుకుంటూ, "మీరు ఏవిట్లు పెద్దాయనా, పల్లెకారులా?" అని అడిగారు.

"కాదండి. యానాదులమండి" అన్నాడు మావయ్య. ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు. గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

పడవలో ఎవరూ నవ్వలేదు. పొద్దున్న అరిచినవాడు నీళ్ళకేసి చూస్తున్నాడు. మా ముగ్గురి నోరు అప్పుడైనా తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. రేవు వచ్చింది, అందరూ దిగారు, "థాంక్యూ అంకుల్" అని చెప్పి వెళ్ళారు. మేం కూడా ఆ గుంపులోనే దిగాం.

రాత్రి అవనిగడ్డలో అన్నాలయ్యాక సారుని అడిగాం, "ఇక్కడ మా చుట్టాలున్నారు సార్, వెళ్ళొస్తాం" అని. ఆటో ఎక్కి వెళ్ళాం. కాలువ కట్ట మీద ఏడెనిమిది ఇళ్ళు. అత్త మా కోసం పీతల కూర వండి ఉంచింది. అంటే మేం వస్తామని ఆయనకి ముందే తెలుసు. మాకే తెలియలేదు.

కంచాల ముందు కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగడం లేదు. మావయ్యే మొదలెట్టాడు. "టిక్కెట్టు ఎంత ఇచ్చార్రా?" "రెండ్రోజులకి ఎనిమిదొందలు." "నా కూలి ఆరొందలు. నాకంటే మీరే ఎక్కువిచ్చారే పడవెక్కడానికి" అని నవ్వాడు. తర్వాత, "మరి ఏం చూశార్రా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. దివి కంచంలోకి చూస్తూ "తప్పైపోయింది మావా" అన్నాడు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 1977 ఉప్పెన సంగతి చెప్పాడు. నవంబరు 19. మాకు ఆ తేదీ జనరల్ నాలెడ్జిలో వచ్చింది, పది వేల మంది పోయారని. ఆయనకి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాయన ఆయన్ని తుమ్మచెట్టుకి పంచెతో కట్టేశాడు. అమ్మా, ఇద్దరు చెల్లెళ్ళూ దొరకలేదు. వాళ్ళ పాకలు ఉన్నచోట అంతకుముందు ఎంతమంది ఉండేవాళ్ళో రాసుకున్నవాళ్ళు లేరు, పోయాక లెక్కేసినవాళ్ళూ లేరు. నాలుగో రోజు ఎక్కడో గంజి పోస్తున్నారని విని నడిచి వెళ్ళారు. లైన్లో నిలబెట్టి ఎవరు మీరు అని అడిగారు. వాళ్ళ నాయన ఇంకో కులం పేరు చెప్పాడు. నిజం చెబితే పక్కకి నెడతారని భయం.

"ఆ గంజి తాగే బతికాను నేను. అబద్ధమాడి తెచ్చిన గంజి. మా అయ్యని తప్పు పట్టను. ఆకలికి చెప్పాడు." కొంచెం ఆగి మా మొహాల్లోకి చూశాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

"మీరు దేనికి చెప్పార్రా?"

ఆ ప్రశ్నకి మేం ముగ్గురం ఆ రాత్రంతా జవాబు వెతికాం. మాకు ఆకలి లేదు. ప్రాణభయం లేదు. హాస్టలు ఉంది, అన్నం ఉంది, సర్టిఫికెట్టు మీద మన పేరు రాసి ఉంది, ఆ పేరు మీదే సీటు వచ్చింది, ఫీజు కట్టారు. ఆఫీసులో కావాల్సినచోట ఆ పేరు చూపిస్తాం, స్నేహితుల ముందు దాచేస్తాం. దేనికి చెప్పాం అంటే, ఒక్కరోజు చూసేవాళ్ళలో ఉండాలని, చూడబడేవాళ్ళలో ఉండకూడదని. అంతకంటే పెద్ద కారణం మాకు దొరకలేదు.

టూరు మీద అందరూ రెండేసి పేజీల రిపోర్టు రాసి తేవాలని సారు చెప్పారు. మేం ముగ్గురం కలిపి ఒకటే రాశాం, ఏడు పేజీలు వచ్చింది. రెండో ఆదివారం మళ్ళీ వెళ్ళి మావయ్యని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాం. ఏ మలుపు పేరేంటి, ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ నెలలో ఏ చేప ఎక్కుతుంది, ఏ గాలికి పడవ తీయకూడదు, ఏ చెట్టు దేనికి పనికొస్తుంది. పెడన పటం గీశాడు. గుడివాడ చివర ఒక పేజీ వాళ్ళ నాన్న ఎలుకల బుట్ట గురించి రాశాడు, బొమ్మతో సహా. మొదటి పేజీలో పైన ఇలా రాశాం: "ఈ వివరాలు చెప్పినవారు మా మేనమామ, యానాది, పడవ పని చేస్తారు. రాసినవాళ్ళం ముగ్గురం యానాదులం." సారు దాన్ని క్లాసులో మా చేత చదివించారు. దివి చదివాడు. మొదటి లైను దగ్గర గొంతు ఆగింది, నీళ్ళు తాగి మళ్ళీ చదివాడు. బస్సులో అరిచినవాడు తర్వాత క్యాంటీన్లో మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. సారీ చెప్పలేదు. ఎలుకల బుట్ట ఎలా అల్లుతారని గుడివాడని అడిగాడు. గుడివాడ చెప్పాడు.

అన్నలూ అక్కలూ, మీలో ఎంతోమంది అడవిలో, కొండ మీద, వాగు పక్క పుట్టినవాళ్ళు. మీ పెద్దవాళ్ళకి తెలిసిన పేర్లు, రాళ్ళవి, మలుపులవి, చెట్లవి, ఎవరూ రాయలేదు. రేపు అక్కడికి పడవలొస్తాయి, రిసార్టులొస్తాయి, మైకు పట్టుకుని ఎవరో వేరే పేర్లు చెబుతారు. ఈ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. రాసుకొచ్చింది ఈ గ్రూపులో పెట్టండి. మేం మాది పెడతాం.

రిపోర్టు జిరాక్సు కాపీ ఒకటి మావయ్యకి ఇచ్చొచ్చాం. ఆయనకి చదవడం రాదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, పటం దగ్గర ఆగి, ఏటి పాయ మీద వేలు పెట్టి ఒక మలుపు తప్పు గీశామని చెప్పాడు. అక్కడే పెన్నుతో దిద్దాం. తర్వాత మొదటి పేజీకి వచ్చి, "ఇందులో నేనెక్కడున్నానురా అల్లుడా?" అని అడిగాడు.

దివి ఆయన వేలు పట్టుకుని పై లైను మీద పెట్టాడు.